న్యూ డీల్ మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

1930ల్లో అమెరికా మహా మాంద్యంలో ఉన్నప్పుడు అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ తెచ్చిన న్యూ డీల్ మీద నీ వ్యాసం చదివాను. బాగా కష్టపడ్డావు, తెలుస్తూనే ఉంది. కానీ మొదటి పేజీలోనే సీసీసీ, ఫెరా, ట్రిపుల్ ఏ, టీవీఏ, ఎన్‌ఆర్‌ఏ అని ఆ స్కీముల పేర్లు వరసపెట్టి ఒక్కోదానికి ఒక్కో లైను రాసుకుంటూ పోయావు, చదివేవాళ్ళు మూడో పేరుకొచ్చేసరికి మొదటిది మర్చిపోతారు. చివర్లో రూజ్‌వెల్ట్ వచ్చాడు, స్కీములు పెట్టాడు, అమెరికా కోలుకుంది అని తేల్చేశావు. అంత సాఫీగా ఏం జరగలేదు, ఆ సంగతి నీకూ తెలుసు, నీ నోట్స్‌లోనే ఉంది, మరి వ్యాసంలోకి ఎందుకు రానివ్వలేదు?

నేను చెప్పేది ఒకటే. స్కీము పేరు పట్టుకోకు, డాలర్‌ని పట్టుకో. అది ఎక్కడ బయల్దేరింది, మధ్యలో ఎవరి చేతులు మారింది, చివరికి ఎవరికి అందింది, ఎవరి దాకా రాకుండా ఆగిపోయింది. నీ వ్యాసానికి అసలు కథ అక్కడే ఉంది.

పని లేని కుర్రాళ్ళకి పని ఇచ్చిన సీసీసీనే తీసుకో. 1933లో మొదలైంది, 18 నుంచి 25 ఏళ్ళ కుర్రాళ్ళని క్యాంపుల్లో పెట్టి చెట్లు నాటించారు, అడవుల్లో దారులు వేయించారు, ఇదంతా నువ్వు రాశావు. నెలకి 30 డాలర్ల జీతం అని కూడా రాశావు. అందులో దాదాపు 25 డాలర్లు నేరుగా ఇంటికి పంపేసేవాళ్ళని మాత్రం రాయలేదు! అసలు విషయమే అది కదా. కుర్రాడు అడవిలో పని చేస్తుంటే ఎక్కడో ఊళ్ళో వాళ్ళమ్మ చేతికి డబ్బు వచ్చేది, ఆవిడ షాపులో సరుకులు కొంటే ఆ షాపు వాడికి కూడా నాలుగు డబ్బులు కనపడేవి. మరి ఆడపిల్లలు? వాళ్ళని ఈ క్యాంపుల్లో చేర్చుకోలేదు. ఆ ఒక్క వాక్యం కూడా ఉండాలి.

ఇప్పుడు పత్తి దగ్గరికి రా, దీని మీద కాస్త ఎక్కువసేపు ఉండు. ధరలు పడిపోయాయి కాబట్టి పంట తగ్గిస్తే ధర లేస్తుందని వ్యవసాయం కోసం పెట్టిన ట్రిపుల్ ఏ స్కీము లెక్క. 1933లో అప్పటికే నాటిన పత్తిని దాదాపు కోటి ఎకరాల్లో దున్నించేశారు, 60 లక్షల పంది పిల్లల్ని చంపించారు, అదీ జనం ఆకలితో ఉన్న టైంలో. రైతుకి నష్టం రాకుండా ప్రభుత్వం చెక్కు ఇచ్చింది. కానీ ఆ చెక్కు వెళ్ళింది భూమి ఉన్నవాడికి. దక్షిణాదిలో యజమాని పొలం చేసి పంటలో వాటా తీసుకునే కౌలు రైతులు, తెల్లవాళ్ళూ నల్లవాళ్ళూ, లక్షల్లో ఉండేవాళ్ళు. వాళ్ళ వాటా వాళ్ళకి ఇవ్వాలని రూల్ ఉంది, చాలాచోట్ల ఇవ్వలేదు, పైగా సాగు తగ్గింది కదా ఇంకా నువ్వెందుకు అని ఇల్లు కూడా ఖాళీ చేయించారు. అందుకే 1934లో ఆర్కన్సాలో రెండు జాతులవాళ్ళూ కలిసి యూనియన్ పెట్టుకున్నారు, అప్పట్లో అక్కడ అదెంత ప్రమాదమో ఆలోచించు. రిలీఫ్ కోసం పెట్టిన స్కీమే మనిషిని రోడ్డు మీద పడేసింది. ఇది రాసినంత మాత్రాన న్యూ డీల్‌కి వ్యతిరేకంగా రాసినట్టు కాదు, భయపడకు.

ముసలితనంలో పెన్షన్ ఇచ్చే సోషల్ సెక్యూరిటీ కూడా ఇలాగే చూడు. 1935 చట్టంలో పొలం కూలీల్నీ ఇళ్ళల్లో పని చేసేవాళ్ళనీ వదిలేశారు, నల్లజాతి కార్మికుల్లో ఎక్కువ మంది చేసేది ఆ పనులే.

మనుషుల గురించి ఎలా రాయాలో తెలియాలంటే లొరీనా హికాక్ రిపోర్టులు చదువు. ఆవిడ జర్నలిస్టు, ప్రభుత్వం తరఫున రిలీఫ్, అంటే పేదలకిచ్చే సాయం, చూసే హ్యారీ హాప్కిన్స్ 1933లో ఆవిణ్ణి పిలిచి లెక్కలు నాకొద్దు, దేశం తిరిగి మామూలు మనిషిగా ఏం చూశావో అది రాయి అని పంపాడు. వెస్ట్ వర్జీనియా బొగ్గు గనుల దగ్గరికీ, డకోటాల్లో ఎండిపోయిన పొలాలకీ వెళ్ళింది. రిలీఫ్ అడగడానికి జనం ఎంత సిగ్గుపడేవాళ్ళో, ఇంట్లో ఏముందో లేదో అధికారులు వచ్చి చూసి పోతుంటే ఎలా కుంగిపోయేవాళ్ళో ఇలాంటివి చదివితేనే తెలుస్తుంది. అప్పుడు ఆ చలికాలం సీడబ్ల్యూఏ అనే తాత్కాలిక ఉపాధి స్కీము పెట్టి ఊరికే సాయం కాకుండా పనీ కూలీ ఇస్తే, 1934 జనవరికల్లా 40 లక్షల మందికి పైగా ఎందుకు చేరారో నీకే అర్థమవుతుంది.

లెక్కల విషయంలో ఒక జాగ్రత్త. 1933లో ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు, దాని మీద పెద్ద గొడవ లేదు. ఆ తర్వాతి ఏళ్ళకే రెండు రకాల అంకెలు కనిపిస్తాయి, ఎందుకంటే ప్రభుత్వ రిలీఫ్ పనుల్లో ఉన్నవాళ్ళని కొందరు నిరుద్యోగుల్లో కలిపారు, కొందరు కలపలేదు. నువ్వు ఒక పేరాలో ఒకటీ ఇంకో పేరాలో ఇంకోటీ వాడేశావు. ఏదో ఒకటి పెట్టుకో, ఏది వాడుతున్నావో చెప్పు.

ఇక ముగింపు. 1937ని దాటేసి నేరుగా రెండో ప్రపంచ యుద్ధంలోకి దూకేశావు, అది ఒప్పుకోను. పరిస్థితి బాగుపడుతోంది కదా అని ఆ ఏడు రూజ్‌వెల్ట్ ఖర్చు తగ్గించాడు, దేశ కేంద్ర బ్యాంకు ఫెడరల్ రిజర్వ్, మామూలు బ్యాంకులు అప్పులివ్వకుండా పక్కన పెట్టాల్సిన డబ్బు పెంచింది, సోషల్ సెక్యూరిటీ కోసం జీతాల్లోంచి కోత ఆ జనవరిలోనే మొదలైంది, నెలనెలా పెన్షన్ మాత్రం 1940 దాకా రానేలేదు. అంటే డాలర్ జనం దగ్గర్నుంచి వెనక్కి పోయింది. మళ్ళీ ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, 1938 ఏప్రిల్‌లో ఆయనే కాంగ్రెస్‌కి వెళ్ళి మళ్ళీ ఖర్చు పెడదాం అని అడగాల్సి వచ్చింది. రిలీఫ్ డబ్బు అప్పటిదాకా ఏం చేస్తోందో, అది ఆగిన ఆ ఏడాదే అందరికంటే బాగా చెప్తుంది, నీ వ్యాసంలో బలమైన భాగం అదే అయ్యే అవకాశం ఉంది.

ముందు పత్తి భాగం తిరగరాసి పంపు. బ్యాంకుల గురించి రాసింది బాగానే ఉంది, దాని జోలికి ఇప్పుడే పోకు.

మీ అన్న