ఇంటి ముందు పండగ లైట్ల బొమ్మలు సొంతంగా చేసుకోవాలంటే పీవీసీ పైపు మంచిదా, చెక్క మంచిదా?

అడిగినాయన ఈ ఏడాదే ఇల్లు కొన్నారట. దీపావళికి మొదలుపెట్టి క్రిస్మస్ దాకా ఇంటి ముందు లైట్లు ఉంచాలని కోరికట. దుకాణంలో బొమ్మల రేట్లు చూస్తే కళ్లు తిరిగాయట. తిరుగుతాయి మరి. నేనుండేది నార్త్ కరోలినాలో, కేరీ దగ్గర. ఆరేళ్లుగా ఈ పిచ్చిలోనే ఉన్నాను. పైపా చెక్కా అన్నది తర్వాత చెప్తాను గానీ, ముందు ఒక్క మాట చెప్పండి. మీ వీధిలో గాలి ఎటునుంచి కొడుతుందో ఎప్పుడైనా చూశారా?

చూసుండరు. ఎవరూ చూడరు. అందరూ ఎన్ని బల్బులు, ఏ రంగు, ఏ యాప్ అనే అడుగుతారు. నేనూ అంతే, మా నాన్న వచ్చేదాకా.

మాది రేపల్లె వైపు. మా ఊళ్లో డిసెంబరు ఒకటో తారీఖు కల్లా ఇంటి మీద స్టారు లేవాలి. రాత్రిళ్లు కేరల్స్ పాడుకుంటూ వచ్చేవాళ్లకి ఆ స్టారే గుర్తు. కొనడమన్న మాటే లేదు. ఐదు వెదురు బద్దలు ఒకదాని మీదుగా ఒకటి దాటించి కడితే ఒక చుక్క. అలాంటివి రెండు కట్టి, ఐదు మొనల దగ్గరా రెండింటినీ కలిపి బిగిస్తారు. బద్దలు ఒకదాన్నొకటి దాటే చోట్లు మధ్యలో ఐదుంటాయి చూడండి, అక్కడ రెండు చుక్కలకీ మధ్య జానెడు పుల్లలు అడ్డం పెడితే బొమ్మకి పొట్ట వస్తుంది. మేకు లేదు, స్క్రూ లేదు, అంతా పురికొసే. పైన మైదా జిగురుతో గాలిపటాల కాగితం, లోపల 40 వాట్ల బల్బు. ఒక ఏడాది ఇంకాస్త వెలుగు కావాలని నేను 60 పెడితే పైమొన కాగితం మాడి కూర్చుంది.

అంటించే ముందు నాన్న కాగితాన్ని మడతలు పెట్టి కత్తెరతో చంద్రవంకలూ డైమండ్లూ కత్తిరించేవాడు. ఆ కన్నాల్లోంచి వెలుగు గోడ మీద చుక్కలు చుక్కలుగా పడేది. అదంతా అందానికేనని నేను ముప్పై ఏళ్లు అనుకున్నాను.

రెండేళ్ల క్రితం అమ్మానాన్నా ఇక్కడికొచ్చారు. అమ్మ సూట్‌కేసులో తెనాలిలో కొన్న సీరియల్ సెట్టు ఒకటి దాచి తెచ్చింది. మనది 230 వోల్టులు, ఇక్కడ 120. పెడితే మిణుగురుల్లా కూడా వెలగలేదు, ఆవిడ మొహం చూడలేకపోయాను. దయచేసి మీవాళ్లెవరికీ తెమ్మని చెప్పకండి. దాని కోసం కన్వర్టర్ కొంటే ఆ డబ్బుతో ఇక్కడ పది సెట్లొస్తాయి.

ఊరికే ఇంట్లో కూర్చోబెట్టడం ఎందుకని థాంక్స్‌గివింగ్ (నవంబరు చివర్లో ఇక్కడివాళ్ల పండగ) తర్వాత విన్‌స్టన్-సేలం అనే ఊరు తీసుకెళ్లాను. అందులో సేలం అనే భాగం 1766లో మొరేవియన్ అనే ప్రొటెస్టెంట్ శాఖవాళ్లు కట్టుకున్న ఊరు. పాత ఇళ్లన్నీ అలాగే ఉంచారు. డిసెంబరు వచ్చిందంటే వసారా వసారాకీ ఒక తెల్లటి స్టారు వేలాడుతుంది, ముళ్లపందిలా అన్ని వైపులా మొనలతో. నాన్న ఒక ఇంటి ముందు ఆగిపోయి లెక్క మొదలుపెట్టాడు. వేలాడదీసే చోటు పోగా 25 మొనలు, దాన్నీ కలిపితే 26. కొన్ని నాలుగు పలకలవి, కొన్ని మూడు పలకలవి. “ఇది కట్టినోడు లెక్కల మాస్టారై ఉంటాడ్రా” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. ఇంటికొచ్చి చదివితే నాకు నోట మాట రాలేదు. జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో, పంతొమ్మిదో శతాబ్దంలో, మొరేవియన్ బడిలో పిల్లలకి జ్యామితి నేర్పడానికి చేయించిన బొమ్మట అది!

తిరిగొచ్చేటప్పుడు దారిలో గ్రీన్స్‌బరోలో సన్‌సెట్ హిల్స్ అనే పేట చూపించాను. మీరు ఆ చుట్టుపక్కలుంటే తప్పకుండా వెళ్లండి. కోళ్ల గూళ్లకి వాడే ఇనప వల, అదే మన మేస్త్రీలు ప్లాస్టరింగ్‌లో చికెన్ మెష్ అంటారే, దాన్ని ముక్కలు కోసి బంతిలా వంచి, చుట్టూ ఒక లైట్ల సెట్టు చుట్టి, పెద్ద పెద్ద ఓక్ చెట్ల కొమ్మలకి వేలాడదీస్తారు. వీధులకి వీధులే. 1990ల చివర్లో ఒక్క కుటుంబం మొదలుపెడితే పేటంతా పట్టుకుంది. పైసా ఖర్చు లేని పని అననుగానీ, ఇంత తక్కువలో ఇంత అందం నేను ఇంకెక్కడా చూడలేదు. వల బంతి ఎందుకంత బాగా నిలుస్తుందో అప్పుడు నాకు తట్టలేదు. గాలి దాంట్లోంచి పోతుంది కదా, అందుకు.

కారులోనే నిర్ణయమైపోయింది. స్టారు కట్టాల్సిందే.

వెదురుకి వెతుక్కోనక్కర్లేకపోయింది. మా పక్కింటాయన పెరట్లో పాత యజమాని ఎవరో సరదాకి నాటిన గోల్డెన్ బాంబూ ఉంది. అది కంచె దాటి మా లాన్‌లోకి కూడా వచ్చేసింది. నాలుగు గెడలు ఇస్తారా అని అడిగితే ఆయన రంపం కూడా చేతికిచ్చి, నాలుగేం ఖర్మ నలభై పట్టుకుపో అన్నాడు. నాన్న వంటింటి కత్తితో కణుపు మీద ఒక్క దెబ్బ వేసి, బద్ద చీరేసరికి మా పిల్లలు నోళ్లు తెరిచారు. మొన నుంచి మొనకి దాదాపు ఐదడుగుల స్టారు ఒక పూటలో తయారు.

కాగితం ఇక్కడి వానలకి పనికిరాదని డాలర్ దుకాణంలో ప్లాస్టిక్ టేబుల్ గుడ్డలు తెచ్చాను, ఎరుపూ పసుపూ. నాన్న కత్తెర తీశాడు.

“కన్నాలు వద్దు నాన్నా, నీళ్లు లోపలికి పోతాయి” అన్నాను.

“కన్నం లేకపోతే గాలి ఎటు పోద్దిరా?”

“ఏం కాదులే, గట్టిగా కట్టాం కదా.”

ఇంజినీరుని కదా, నా మాటే నెగ్గింది. డప్పులా బిగించి అంటించాను. అర అంగుళం ఇనప చువ్వ అడుగు లోతు భూమిలో దిగ్గొట్టి, దాని మీద పదడుగుల గొట్టం నిలబెట్టి, కొసన స్టారు, లోపల 9 వాట్ల ఎల్ఈడీ. వీధి మలుపు నుంచే కనబడేది. మూడు రోజులు నా కాలు నేల మీద లేదు.

నాలుగో రోజు రాత్రి రెండింటప్పుడు ఎవరో తలుపు తన్నినట్టు చప్పుడు. కిటికీలోంచి చూస్తే గొట్టం పక్కకి వాలిపోయి ఉంది, స్టారు లేదు. వీధి దీపం కింద ఎర్రగా ఏదో దొర్లుతోంది. ఐదు మొనల మీద బండి చక్రంలా టకటకా దొర్లుకుంటూ పోతోందది. దాని వెనక మంకీ టోపీ, లుంగీ, పైన నా ఆఫీసు జాకెట్టు వేసుకుని మా నాన్న పరుగు. నేను చెప్పులు వెతుక్కునేలోపే ఆయన నాలుగిళ్లు దాటేశాడు. చివరికి అది ఒకాయన లాన్‌లో గాలి నింపిన మంచుమనిషి పొట్టలోకి పోయి దిగబడింది. మంచుమనిషి నిట్టూర్చినట్టు మెల్లగా కిందికి కూలబడుతుంటే నాన్న దాని రెండు చేతులూ పట్టుకుని నిలబెట్టాలని చూస్తున్నాడు.

ఇదంతా వాళ్ల డోర్‌బెల్ కెమెరాలో పడింది. ఇప్పటికీ మా వీధిలో కొందరు మా నాన్న గురించి అడుగుతారు, నా గురించి అడగరు.

పొద్దున కాగితం మీద లెక్క వేశాను, ముందు రోజు వేయాల్సిన లెక్క. ఐదడుగుల స్టారు అంటే ఏడెనిమిది చదరపు అడుగుల తెరచాప. గంటకి 40 మైళ్ల గాలి దాని మీద సుమారు 30 పౌండ్ల బలంతో తోస్తుంది, అంటే 13, 14 కిలోలు. పదడుగుల గొట్టం చివర అంత బరువు పెట్టి అడ్డంగా లాగితే అడుగు లోతు చువ్వ ఏం ఆగుతుంది? పైగా గాలి వేగం రెట్టింపైతే తోపు నాలుగు రెట్లవుతుంది. నిన్న నిలబడిందిగా అని ధీమా పడితే అంతే సంగతులు.

నాన్న ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ. చినిగిన ప్లాస్టిక్ పీకేసి, కొత్తది మడిచి, చంద్రవంకలు కత్తిరించి మళ్లీ అంటించాడు. నేను చువ్వ రెండడుగులు దింపి, గుడారానికి కట్టినట్టు మూడు వైపులా తాళ్లు లాగి కట్టాను. సంక్రాంతి దాకా కదల్లేదు. కన్నాల వల్లే నిలిచిందని ఆయన. తాళ్ల వల్లేనని నాకు తెలుసు. నేను వాదించలేదు, కానీ ఆ తర్వాత కన్నం లేని బొమ్మ నేను చేయలేదు కూడా.

ఇనప చువ్వ అన్నాను కదా, ఒక సంగతి. దిగ్గొట్టే ముందు కొన్ని రోజుల ముందుగా 811కి ఫోన్ చేయండి. గ్యాసు, కరెంటు, కేబుల్ లైన్లు ఎక్కడున్నాయో ఉచితంగా గుర్తులు పెట్టి వెళ్తారు. నేను చేశాను, రంగు గీతలన్నీ తప్పించుకుని మరీ కొట్టాను. కానీ లాన్‌కి నీళ్లు చిమ్మే మన సొంత స్ప్రింక్లర్ పైపులకి వాళ్లు గుర్తు పెట్టరు. నా చువ్వ సరిగ్గా దాంట్లోనే దిగింది. చలికాలం నీళ్లు ఆపేసి ఉంటాయి కాబట్టి నాకూ తెలియలేదు. ఏప్రిల్‌లో నీళ్లు తిప్పగానే మెయిల్‌బాక్స్ పక్కన నిలువెత్తు ఫౌంటెన్. పండగ బొమ్మకి అయిన ఖర్చు 30 డాలర్ల లోపు, ప్లంబర్‌కి ఎంతయిందో మా ఆవిడ ఉన్నచోట రాయలేను.

కరెంటు గురించి అనవసరంగా భయపడతారు జనం. పాత రకం వంద బల్బుల సెట్టు 40 వాట్లు తినేది, ఎల్ఈడీది ఐదారు వాట్లే. ఇక్కడ 15 ఆంపియర్ల లైనుకి 1,800 వాట్లు పూర్తి లెక్క, 1,440 దాటకుండా ఉంటే మంచిది. ఎల్ఈడీలతో ఆ అంకె చేరాలంటే మీ వీధంతా మీరే వెలిగించాలి. భయపడాల్సింది నీళ్లకి. వాన పడ్డ ప్రతిసారీ బయటి ప్లగ్గులో జీఎఫ్‌సీఐ, అంటే కరెంటు లీకైతే దానంతటదే ఆపేసే స్విచ్చు, ట్రిప్ అయిపోయి మొత్తం ఆరిపోతోందంటే ఎక్కడో ప్లగ్గుల జాయింటు తడి గడ్డిలో పడుందన్నమాట. జాయింట్లు నేలకి పైన ఉంచండి, మూతి కిందికి చూసేలా వేలాడనివ్వండి. టేపు చుట్టకండి, లోపలికి పోయిన నీళ్లు ఇంక బయటికి రావు.

ఒక్కో బల్బూ విడిగా రంగు మార్చుకుంటూ లైట్లని పాటకి ఆడించే పిక్సెల్ వ్యవహారంలోకి మాత్రం మొదటి ఏడాదే దిగకండి. మా ఫ్రెండు ఒకడు దిగాడు. ఐదు వోల్టుల సెట్లు వరసగా ఒకదానికొకటి తగిలించుకుంటూ పోయాడు. చివరికొచ్చేసరికి వోల్టేజీ చాలక నీలం, ఆకుపచ్చ వెనకబడి తెల్ల రంగు కాస్తా ఎర్రబారిపోయింది. వాడు అది డిజైన్ అని చెప్పుకున్నాడు.

ఇంకోటి, మీ కాలనీ అసోసియేషన్ రూల్స్ కాగితం ఇప్పుడే చదవండి. మాకు దీపావళి లైట్లు పెట్టిన వారానికి ఉత్తరం వచ్చింది, పండగ అలంకరణలు థాంక్స్‌గివింగ్ తర్వాతే పెట్టాలట. వాళ్ల పండగ ఒక్కటే పండగా? అక్టోబరులో హాలోవీన్ అనే దెయ్యాల పండక్కి పక్కిళ్ల ముందు పన్నెండడుగుల అస్థిపంజరాలు నిలబడితే మాత్రం ఎవరికీ అభ్యంతరం లేదు. గాలిబొమ్మల సంగతి సరేసరి, పగలంతా లాన్లలో చచ్చిన చేపల్లా పడుంటాయి. ముగ్గురం కలిసి మీటింగుకి వెళ్లి అడిగితే రూల్లో దీపావళి చేర్చారు. అరవలేదు, కేలండర్ చూపించామంతే.

ఇంతకీ మీరడిగింది పైపా చెక్కా అని కదా. పైపే. చెక్క బరువు, వానకి వంకర పోతుంది. ముప్పావు అంగుళం పీవీసీ అయితే అర అంగుళం చువ్వ మీద సాఫీగా కూర్చుంటుంది. వంచాలంటే లోపల ఇసక పోసి హీట్ గన్‌తో ఆరుబయట వేడి చేయండి, ఇసక లేకపోతే నొక్కుకుపోతుంది. జిగురు పెట్టకండి, స్క్రూలతో బిగించండి, లేదంటే జనవరిలో విప్పడానికి వీల్లేక, బొమ్మని గరాజ్‌లో పెట్టడానికి కారు బయట పెట్టుకోవాలి. ఇది కూడా బద్ధకమైతే టొమాటో మొక్కలకి పెట్టే తీగ గూడుని తలకిందులు చేసి, కాళ్లు పైన కట్టేసి, లైట్లు చుట్టండి. పావుగంటలో క్రిస్మస్ చెట్టు, గాలి దాంట్లోంచి హాయిగా పోతుంది.

వెదురు స్టారే కావాలంటే ఒక శనివారం మా వైపు రండి. పక్కింటాయన గెడలు ఊరికే ఇస్తాడు, నరుక్కుని మోసుకుపోయే పని మాత్రం మీదే. ఎన్ని తీసుకెళ్తే అంత సంతోషిస్తాడు, మళ్లీ మొలిచేస్తోంది.