నోట్స్ యాప్‌కి అప్పుడే చందా కట్టకండి

కొత్త దేశంలో దిగగానే ఏ నోట్స్ యాప్‌కి డబ్బు కడితే మంచిదని అడిగారు. దేనికీ కట్టొద్దు. నెలకింతేగా అనిపించే చందాలే మొదటి ఏడాది జీతాన్ని చప్పుడు లేకుండా తినేస్తాయి. నోట్సు పేరుకున్నాక బయటికి రావడం ఇంకా కష్టం. 2023 డిసెంబరులో ఎవర్‌నోట్ అనే నోట్స్ యాప్ ఉచిత ఖాతాలకు 50 నోట్సు, ఒక్క నోట్‌బుక్ అని హద్దు పెట్టింది. అప్పటికే హద్దు దాటినవాళ్ళు కొత్త నోటు రాయాలంటే పాతవి చెరపాలి, లేదా డబ్బు కట్టాలి.

ఒబ్సిడియన్ అనే నోట్స్ యాప్ ఉచితమే. నోట్సు మామూలు టెక్స్ట్ ఫైళ్ళుగా మీ ఫోల్డర్‌లోనే ఉంటాయి. కాకపోతే దాని సొంత సింక్‌కి (అన్ని పరికరాల్లో నోట్సును ఒకేలా ఉంచే సౌకర్యానికి) చందా ఉంది. ఫోన్‌లోనూ ల్యాప్‌టాప్‌లోనూ కావాలంటే జాప్లిన్ అనే ఉచిత యాప్ తీసుకోండి. ముందు ల్యాప్‌టాప్‌లో పెట్టుకుని, ఆప్షన్స్‌లో సింక్రొనైజేషన్‌కి వెళ్ళి వన్‌డ్రైవ్ (మైక్రోసాఫ్ట్ ఆన్‌లైన్ నిల్వ, ఉచితంగా 5 జీబీ) ఎంచుకోండి. పాస్‌పోర్టు, వీసా వివరాలు రాస్తారు కాబట్టి ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనివాళ్ళు చదవలేకుండా నోట్సుకు తాళం వేయడం) తప్పనిసరి. అది మొదట్లో ఆన్‌లో ఉండదు. ల్యాప్‌టాప్‌లో ఆన్ చేసి, సింక్ పూర్తయ్యాకే ఫోన్ కలపండి. రెండుచోట్లా విడివిడిగా ఆన్ చేస్తే రెండు తాళంచెవులు తయారై గందరగోళం అవుతుంది. ఎన్‌క్రిప్షన్‌కి పెట్టుకున్న మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి దాచండి. పోతే ఎవరూ తెచ్చివ్వలేరు.

కొత్తవాళ్ళు టెంప్లేట్లు, రంగులు, ట్యాగులంటూ వారాంతాలు గడిపేస్తారు. మూడు నోట్‌బుక్‌లు చాలు: కాగితాలు, డబ్బు, మిగతావి. పేరు ముందు తేదీ 2025-03-14 పద్ధతిలో పెడితే వరస దానంతటదే కుదురుతుంది. ఒకచోట 'అద్దె', ఇంకోచోట 'రెంట్' అని రాస్తే వెతికినప్పుడు సగమే దొరుకుతాయి; ఏదో ఒకటి ఖాయం చేసుకోండి. వీసా గడువు తేదీని టు-డూగా రాసి అలారం పెట్టండి. పన్ను కాగితాలు ఎన్నేళ్ళు దాచాలో అక్కడి పన్నుల శాఖ సైట్‌లో ఉంటుంది.

సింక్ ఉంది కదా అని ధీమా వద్దు. ఫోన్‌లో చెరిపింది ల్యాప్‌టాప్‌లోనూ పోతుంది. నెలకోసారి ల్యాప్‌టాప్‌లో ఫైల్ మెనూ నుంచి అన్నిటినీ జెక్స్ (JEX, జాప్లిన్ సొంత ఫైలు రకం) ఫైలుగా ఎక్స్‌పోర్ట్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. సింక్ కాకముందే ఒకే నోటును రెండుచోట్లా దిద్దితే ఒక ప్రతి 'కాన్‌ఫ్లిక్ట్స్' అనే నోట్‌బుక్‌లోకి చేరుతుంది. అక్కడా ఓ కన్నేసి ఉంచండి.

ఉచిత నిల్వను నింపేది రాతలు కాదు, స్కాన్ చేసిన పీడీఎఫ్‌లు. వాటిని విడి ఫోల్డర్‌లో ఉంచి, ఫైలు పేరు మాత్రం నోటులో రాయండి. అలా చేశాక కూడా 5 జీబీ నిండితే అప్పుడు చందా గురించి ఆలోచిద్దాం.