ట్రైమరాన్‌కి సీసం కీల్ తగిలిస్తే బోల్తాపడినా లేస్తుందా?

మీ ప్రశ్నలోని పడవ 8 మీటర్ల ట్రైమరాన్, అంటే నడుమ ఒక హల్ (పడవ ఒళ్లు), రెండు పక్కలా ఫ్లోట్లు (చిన్న తేలుడు హల్‌లు) ఉన్న తెరచాప పడవ. మొత్తం బరువు 1,500 కిలోలు, నడిమి హల్ నుంచి పక్క ఫ్లోట్‌కి 2.8 మీటర్లు, ఒక్కో ఫ్లోట్ 2,400 లీటర్లు. 500 కిలోల సీసం కీల్ (పడవ అడుగున వేలాడే బరువైన రెక్క) వేస్తే తిరగబడినా తనే లేస్తుందా అని అడిగారు. లేవదు. దయచేసి వేయకండి.

ట్రైమరాన్ వెడల్పు మీద నిలబడుతుంది. 12 డిగ్రీలు వాలేసరికే 1,500 × 2.8, సుమారు 4,200 కేజీ-మీటర్ల నిలబెట్టే బలం వచ్చేస్తుంది. సీసం గుండు పడవ బరువు కేంద్రానికి 1.5 మీటర్ల దిగువన ఉందనుకుంటే అక్కడ అది ఇచ్చేది 500 × 1.5 × 0.208 (12 డిగ్రీల సైన్) = 156, అంతే. పడవ గట్టిపడినట్టు అనిపించేది పెరిగిన బరువు వల్ల. అదే 500 కిలోలు నీళ్ల డబ్బాలుగా లోపల పెట్టినా దాదాపు అంతే ఫలితం.

90 డిగ్రీల దగ్గర కీల్ 750 ఇస్తుంది, నిజమే. కానీ పైకి లేచిన ఫ్లోటు, ట్రాంపొలిన్ (హల్‌కీ ఫ్లోట్‌కీ మధ్య పరిచే వల) కలిపి 15 చదరపు మీటర్లున్నా, 30 నాట్ల గాలి వాటిని తోసే బలం ఇంచుమించు అంతే. పైగా నీళ్లు నిండిన తెరచాప. పూర్తిగా తలకిందులైతే ఆ వెడల్పే శత్రువు: ఒక పక్కను లేపడానికి 5,600 (కీల్‌తో కలిపి 2,000 కిలోలు × 2.8) కావాలి, అక్కడి నుంచి 12 డిగ్రీల వాలులో కీల్ ఇచ్చేది మళ్లీ ఆ 156.

నష్టం మాత్రం మొదటిరోజు నుంచే. ఫ్లోట్ సామర్థ్యం పడవ బరువులో 160 శాతం నుంచి 120కి పడిపోతుంది. గాలివిసురుకి ఫ్లోట్ ముక్కు మునిగి పడవ ఏటవాలుగా పల్టీ కొడుతుంది. హల్‌నీ ఫ్లోట్లనీ కలిపే అడ్డదూలాల మీద భారం మూడోవంతు పెరుగుతుంది. బోల్టు రంధ్రాల చుట్టూ జెల్‌కోట్‌లో (పైపూత) వెంట్రుకంత పగుళ్లు కనబడితే అక్కడ లామినేట్ (లోపలి ఫైబర్ పొరలు) విడిపోతోందేమో వెంటనే చూడాలి.

వెడల్పునీ బరువైన కీల్‌నీ నిజంగా కలిపింది ఇమోకా 60 అనే సముద్ర పందేల పడవ. ఒకే హల్, 38 డిగ్రీల దాకా పక్కకు వాలే కీల్, ఫ్లోట్ పని చేసే ఫాయిల్స్ (నీటిలో పడవను ఎత్తే రెక్కలు). అది మొదటి గీత నుంచీ అలా గీసిన పడవ.

మీ పడవకి పనికొచ్చేవి వేరు. రీఫ్ (తెరచాపను కుదించడం) సగటు గాలికి కాదు, విసురుకి లెక్కేసి కట్టండి. మెయిన్‌షీట్‌ని (పెద్ద తెరచాపను అదుపు చేసే తాడు) ముడి వేయకుండా, లాగగానే వదిలేసే క్యామ్ క్లీట్ పట్టులోనే ఉంచండి. పెద్ద అలల్లో డాగర్‌బోర్డ్‌ని (నీటిలోకి దించే పలక) సగానికి పైగా ఎత్తేయండి: పక్క నుంచి అల కొట్టినప్పుడు పడవ ఆ పలక అడ్డుపడి తిరగబడకుండా పక్కకు జారిపోతుంది.