నాలుగో బోరు దగ్గర ఆగు

అనంతపురం,
ఆదివారం.

అమ్మాయీ,

నీ ప్రసంగం స్లైడ్ల పీడీఎఫ్ వచ్చింది. పదమూడు ఫ్రేములకు, అంటే పదమూడు స్లైడ్లకు, డెబ్బై ఎనిమిది పేజీలు! ఈ సంగతి నాకు టవర్ క్లాక్ దగ్గర జిరాక్స్ షాపులో తెలిసింది. ఫోన్లో చదవలేక ప్రింట్ తీయమన్నాను. ఆ పిల్లోడు కట్ట చేతిలో పెట్టి, "సార్, ఒకే పేజీ ఆరేడు సార్లొచ్చింది, మిషన్ తప్పు కాదు" అన్నాడు. చూస్తే "వేరుశనగ రైతు సమస్యలు" అన్న పేజీ. మొదటి కాగితంలో ఒక లైను, రెండో దాంట్లో రెండు, ఆరో దాంట్లో ఆరు. ఫైలు మొదట్లో హ్యాండవుట్ అని ఒక్క మాట చేర్చి ఉంటే స్లైడుకో పేజీ చొప్పున పదమూడు పేజీలతో పోయేది. డబ్బులు నేనే కట్టాను, అది వేరే సంగతి.

విషయం మీద నీకు పట్టుంది. ఆ మాట చెప్పేశాను కాబట్టి ఇక తిట్లకు వస్తాను.

బీమర్‌లో, అంటే లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ పద్ధతిలో స్లైడ్లు చేసే ప్యాకేజీలో, పాజ్ అని రాయడం మరీ సులువు. అది పెట్టినచోట స్లైడు ఆగుతుంది, బటన్ నొక్కితేనే తర్వాతి లైను వస్తుంది. అదే చిక్కు. విత్తనాల ధర, కూలి, తెగులు, వాన... వీటిలో దాచిపెట్టేదేముంది? మన జిల్లాలో వాన తక్కువని హాల్లో కూర్చున్న ప్రతివాడికీ తెలుసు. నువ్వు బటన్ నొక్కి "వర్షాభావం" అని బయటపెడితే ఎవరు ఉలిక్కిపడతారు? వినేవాడి మనసులో ప్రశ్న లేచాకే జవాబు తెర మీదికి రావాలి. ప్రశ్నే లేనిచోట దాచావంటే అది సతాయింపు. ఈ మాట నేను చచ్చేదాకా చెబుతాను.

ఎందుకంటే సతాయించి దెబ్బతిన్నవాణ్ణి. ఒక వారపత్రికకు సీరియల్ రాసే రోజుల్లో సంపాదకుడు ప్రతి వారం "సశేషం" ముందు ఎవరో ఒకరు తలుపు తట్టాలన్నాడు. తట్టించాను. పదకొండు వారాలు వరసగా. కదిరి నుంచి ఒకాయన కార్డు రాశాడు: "అయ్యా, మీ కథలో ఇంటికి గడియ తీసేయించండి, మాకు నిద్ర పట్టడం లేదు." సంపాదకుడు దాన్ని మెచ్చుకోలు అనుకుని అచ్చేశాడు. ఆయన శిష్యులే ఇప్పుడు వర్క్‌షాపుల్లో "ఆడియెన్స్‌ని హుక్ చెయ్యండి" అంటున్నట్టున్నారు.

తర్వాత కర్నూలులో ఒక సెమినార్. అప్పటికి నేనూ లెక్కల మాస్టారుగా లేటెక్ నేర్చి, లైనుకో పాజ్ పెట్టినవాణ్ణే. చివర్లో ఒకావిడ లేచి, "ఆ రెండో గ్రాఫ్ ఒకసారి చూపిస్తారా" అంది. వెనక్కి నొక్కడం మొదలుపెట్టాను. ఒక్కో నొక్కుకు ఒక్కో లైను మాయమవుతోంది. పద్దెనిమిది, పంతొమ్మిది... జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. గ్రాఫ్ వచ్చేసరికి అధ్యక్షుడు టైమ్ అయిందని చీటీ పంపాడు.

నువ్వు ఇంకో పాపం కూడా చేశావు. నాలుగో ఫ్రేములో ఓన్లీ అనే ఆదేశం వాడావు. ఓన్లీ దాచిన పేరాకు చోటు ఉంచదు. అందుకే అది రాగానే పై లైన్లన్నీ గభాల్న పైకి జరుగుతున్నాయి. అన్‌కవర్ వాడు, చోటు ముందే కేటాయిస్తుంది, ఏదీ కదలదు. ఆ ఆరు సమస్యలూ ఒక్కొక్కటిగానే రావాలని నీకు మరీ పంతమైతే, కవర్డ్‌ను, అంటే దాచిన లైన్లు కనిపించే తీరును, ట్రాన్స్‌పరెంట్ చెయ్యి. రాబోయే లైన్లు మసకగా ముందే కనిపిస్తాయి. నిమ్మలకుంట వాళ్ల తోలుబొమ్మలాట చూశావా? బొమ్మను తెరకు అదిమితే ముక్కు, నగ, చీర అంచు అన్నీ తేరుకుంటాయి, కాస్త వెనక్కి లాగితే మసకబారుతుంది. మసకగా ఉన్నా అక్కడ ఎవరో ఉన్నారని పిల్లలకు కూడా తెలుస్తుంది.

ఇక ఆ డిజాల్వ్! స్లైడు ఇసుకలా రాలి ఇంకో స్లైడు కావడం. టిల్ టాంటావ్ 2003లో తన పీహెచ్‌డీ ప్రసంగం కోసం బీమర్ మొదలుపెట్టాడు. బలమైన కారణం ఉంటే తప్ప డిజాల్వ్ లాంటివి వాడొద్దని మాన్యువల్‌లోనే ఉంది. పైగా అక్రోబాట్ లాంటి కొన్ని పీడీఎఫ్ వ్యూయర్లలో, అదీ ఫుల్ స్క్రీన్‌లో పెడితేనే అది కనిపిస్తుంది. చాలా వ్యూయర్లు అసలు పట్టించుకోవు. నువ్వు మాట్లాడే హాల్లోని కంప్యూటర్‌లో ఏముందో తెలియకుండా దాన్ని నమ్ముకుని మాట్లాడితే ఏమవుతుందో ఆలోచించు.

నిజం చెప్పాలంటే ఈ ఉత్తరం రాయించింది నీ పదకొండో ఫ్రేము. తాత బోర్లు. "మొదటిది 250 అడుగులు, నీళ్లు పడ్డాయి." పాజ్. "రెండోది 400, పడ్డాయి, మూడేళ్లకు ఎండిపోయింది." పాజ్. "మూడోది 650, దుమ్ము." పాజ్. "నాలుగోది వేయలేదు. తాత బెంగళూరులో వాచ్‌మన్." జిరాక్స్ షాపు బల్ల మీదే చదివి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాను. అక్కడ ప్రతి పాజ్‌కూ పని ఉంది. మూడో లైను చదివినవాడు నాలుగో దాని లోతెంతా అని అడుగుతాడు కదా! అలాంటి చోట డిజాల్వ్ ఎందుకు పెట్టావమ్మా? తీసెయ్. మిగతా పన్నెండింటిలోనూ పాజ్‌లు తీసెయ్, ఆ ఒక్కదాంట్లో ఉంచు. నాలుగో లైను వచ్చాక నోరు విప్పకు, చదివి వినిపించకు. వాళ్లనే చదువుకోనీ, ఆ తర్వాత నెక్స్ట్ నొక్కు.

ఫాంట్ గురించీ, ఇంకేదో కూడా అడిగావు, ఆ కాగితం కనబడటం లేదు. సవరించింది పంపు, ఈసారి హ్యాండవుట్‌లో. తాతగారు పండక్కి ఊరొస్తే నా నమస్కారాలు చెప్పు.

మీ మాస్టారు