జలగ మీద ఉప్పు చల్లకండి

శ్రీకాకుళం వైపు ఉభాల్లో, అంటే వరినాట్లలో, కాలికి జలగ పడితే ఉప్పు వెయ్యొచ్చా అనీ, జలగనీ దోమనీ పిడుదునీ కలిపి ఏమంటారనీ అడిగారు.

ఉప్పు వద్దు. సున్నం, పొగాకు, అగ్గిపుల్ల కూడా వద్దు. ఊడటమైతే ఊడుతుంది గానీ, ఆ మంటకి కడుపులోది గాయంలోకి కక్కేస్తుంది. దాని పేగులో ఉండే ఏరోమోనాస్ బ్యాక్టీరియా చేరితే పుండు చీము పడుతుంది. పట్టుకుని లాగడమూ తప్పే. సన్నటి కొస తల. అక్కడ చర్మానికి ఆనించి గోటిని పక్కనుంచి జరిపితే పట్టు వదులుతుంది. ఆలస్యం చెయ్యకుండా లావు కొసనీ అలాగే విడిపించి విసిరెయ్యండి, లేదంటే తల మళ్లీ అంటుకుంటుంది.

మూడు దవడలతో కోస్తుంది కాబట్టి మూడు గీతలు కలిసిన గాటు పడుతుంది. లాలాజలంలోని హిరుడిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. అందుకే జలగ పోయాక కూడా గంటల తరబడి కారుతుంది, కంగారు పడకండి. సబ్బునీళ్లతో కడిగి, శుభ్రమైన గుడ్డ గట్టిగా నొక్కిపెట్టి కట్టండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ, ముక్కులోకో కంట్లోకో జలగ వెళ్లినవాళ్లూ మాత్రం నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇక పేరు. రక్తాహారులు అనండి. లాటిన్ నుంచి వచ్చిన సాంగ్వివోరస్, గ్రీకు నుంచి వచ్చిన హెమటోఫేగస్ చెప్పేదీ అదే. ఇది తిండిని బట్టి పెట్టిన పేరు, చుట్టరికాన్ని బట్టి కాదు. జలగ వానపాముకి దగ్గర, పిడుదు సాలీడుకి, దోమ ఈగకి. దోమల్లో ఆడదే కుడుతుంది, గుడ్లకి ఆ రక్తం కావాలి. మగదానికి పూలతేనె చాలు. జోరీగల్లోనూ ఆడవే, కానీ అవి చర్మం కోసి ఊరిన రక్తాన్ని నాకుతాయి, అందుకే అంత నొప్పి. నల్లుల్లో ఆడా మగా రెండూ తాగుతాయి.

పరాన్నజీవి అన్న మాట పిడుదుకి బాగా కుదురుతుంది. ఆవుల మీద తరచుగా కనబడే రకం సుమారు 3 వారాలు ఒకే పశువుని అంటిపెట్టుకుని పెరుగుతుంది. కడుపు నిండిన ఆడది రాలిపడి, సాల గోడల పగుళ్లలో 2 వేలకు పైగా గుడ్లు పెడుతుంది. పశువుకే మందు కొట్టి ఊరుకుంటే మళ్లీ ఎక్కేది అందుకే. పశువైద్యుడు చెప్పిన మోతాదులో అదే రోజు పగుళ్లలోనూ కొట్టండి, ఆయన చెప్పిన గడువుకి మళ్లీ కొట్టండి. పీకిన పిడుదుల్ని గోటితో నలపకండి, వాటి రక్తంలో మనుషులకు అంటుకునే జబ్బులూ ఉండొచ్చు.