దిగులుకు మందు పేగుల్లో ఉందా?

ప్రశ్న: నా వయసు 44 సంవత్సరాలు. ఎనిమిది నెలలుగా డిప్రెషన్‌కు మాత్రలు వాడుతున్నాను, చాలావరకు నెమ్మదించింది. మనసు స్థితిపై ప్రభావం చూపే సెరటోనిన్ అనే రసాయనం తయారయ్యేది పేగుల్లోనే కనుక ప్రోబయోటిక్ (మేలు చేసే సూక్ష్మజీవులున్న) గుళికలు వేసుకుని మాత్రలు మానేయమని ఒక బంధువు పట్టుబడుతున్నారు. మా అత్తగారేమో రోజూ చద్దన్నం తింటే చాలంటున్నారు. నేనేం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ వైద్యులు చెప్పేదాకా మాత్రలు ఒక్క పూట కూడా మానకండి. ఉన్నట్టుండి ఆపేస్తే దిగులు తిరగబెట్టే ప్రమాదంతో పాటు తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, ఆందోళన వంటి బాధలు కూడా తోడవుతాయి.

మీ బంధువు మాటలో సగమే నిజం. శరీరంలోని సెరటోనిన్‌లో 90 శాతానికి పైగా పేగుల్లోనే తయారవుతుంది కానీ, అది రక్తం నుంచి మెదడులోకి ప్రవేశించలేదు. మెదడు తనకు కావలసినది తానే తయారు చేసుకుంటుంది. అలాగని పేగులకూ మెదడుకూ సంబంధం లేదనలేం. లాక్టోబాసిల్లస్ అనే మేలు చేసే సూక్ష్మజీవుల్లో ఒక రకాన్ని తినిపించిన ఎలుకల్లో ఆందోళన తగ్గిందనీ, పేగులను మెదడుతో కలిపే వేగస్ నాడిని కత్తిరించిన ఎలుకల్లో ఆ ఫలితం కనిపించలేదనీ 2011లో ఒక పరిశోధన తేల్చింది. అయితే ఎలుకల్లో కనిపించినదాన్ని నమ్మి మనిషి మందులు ఆపడం నాకు భయం కలిగించే విషయం. 2019లో బెల్జియంలో వెయ్యి మందికి పైగా పరీక్షించినప్పుడు, డిప్రెషన్ ఉన్నవారి పేగుల్లో కోప్రోకాకస్, డయలిస్టర్ అనే సూక్ష్మజీవులు తక్కువగా కనిపించాయి. అవి తగ్గినందువల్ల దిగులు వచ్చిందో, దిగులుతో తిండి మారి అవి తగ్గాయో ఆ పరీక్ష చెప్పలేదు.

ఆహారం విషయంలో మాత్రం నాకు ఆశ ఉంది. 2017లో ఆస్ట్రేలియాలో డిప్రెషన్‌తో బాధపడుతున్న 67 మందిలో కొందరికి 12 వారాల పాటు కూరగాయలు, పప్పులు, ముడిధాన్యాలు, చేపలు, ఆలివ్ నూనె ఉన్న భోజనం అలవాటు చేయించి, మిగిలినవారితో స్నేహంగా కబుర్లు చెబుతూ గడిపారు. మొదటి జట్టులో దాదాపు మూడోవంతు మంది డిప్రెషన్ నుంచి బయటపడగా, రెండో జట్టులో 8 శాతమే బయటపడ్డారు. ఇది చిన్న పరీక్షే. పైగా వారిలో చాలామంది మందులో, కౌన్సెలింగో కొనసాగిస్తూనే ఉన్నారు. మీరు గుర్తుంచుకోవలసింది ఈ రెండో మాటనే.

అత్తగారి చద్దన్నం నిశ్చింతగా తినండి. రాత్రి అన్నంలో గోరువెచ్చని పాలు పోసి, చెంచాడు పెరుగు తోడు వేస్తే తెల్లారేసరికి పుల్లటి వాసనతో గట్టిపడుతుంది. అది సూక్ష్మజీవుల పనే. (మజ్జిగ పులుసులో ఆ మేలు ఆశించకండి, మరిగిస్తే అవి చనిపోతాయి.) కానీ తెల్లన్నంలో పీచు తక్కువ. పేగుల్లోని సూక్ష్మజీవులు పీచును పులియబెట్టి బ్యూటిరేట్ వంటి ఆమ్లాలను తయారు చేస్తాయి, పేగు గోడ కణాలకు శక్తినిచ్చేది ఆ బ్యూటిరేటే. అందుచేత తోటకూర పప్పు, ఉలవలు, జొన్నరొట్టె కూడా వారంలో తరచుగా ఉండాలి. గుళికలకు పెట్టే డబ్బు వీటికి పెట్టండి.

మీరు పూర్తి శాకాహారులైతే విటమిన్ బి12 పరీక్ష చేయించుకోండి. ఆ విటమిన్ లోపించినా నీరసం, మతిమరుపు, దిగులు కలుగుతాయి. ఎప్పుడైనా బతుకు మీద విరక్తి కలిగితే అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకుండా 14416కు, అంటే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్‌కు, ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.