డిస్క్ జారుతుందా? గుజ్జు అరుగుతుందా?

సందేహం: దిల్‌సుఖ్‌నగర్‌లో ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. నడుంనొప్పితో వచ్చేవాళ్లు ‘డిస్క్ జారింది’, ‘పూస జారింది’, ‘గుజ్జు అరిగింది’ అని ఒకే బాధకు మూడు మాటలు వాడుతున్నారు. ఇవి సరైన ప్రయోగాలేనా?

సమాధానం: వ్యాకరణం ప్రకారం మూడింటిలోనూ తప్పు లేదు. చిక్కంతా క్రియ దగ్గరే ఉంది.

జారడమంటే ఉన్న చోటు వదిలి కదలడం. వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండే డిస్క్‌కు ఆ వీలు లేదు. పైపూసకూ కిందిపూసకూ పలచని మృదులాస్థి (కార్టిలేజ్) పలకలతో అది గట్టిగా అతుక్కుని ఉంటుంది. చుట్టూ పీచులాంటి మృదులాస్థి పొరలు పొరలుగా ఉంటుంది. ఒక పొర పోగులు ఒకవైపు వాలితే పక్క పొరవి ఎదురువైపు వాలతాయి. కాబట్టి నడుము ఎటు తిప్పినా కొన్ని పోగులు బిగిసి ఆపుతాయి. నడిమధ్యన నీటిని పట్టి ఉంచే మెత్తని గుజ్జు. బరువు పడితే అది అన్ని వైపులకూ ఒత్తుతుంది, పొరలు దాన్ని ఆపుతాయి. 1999లో జర్మనీ పరిశోధకులు ఒక వ్యక్తి నడుము డిస్క్‌లోనే పరికరం పెట్టి ఈ ఒత్తిడిని కొలిచారు. పడుకుంటే 0.1 మెగాపాస్కల్, నిలబడితే 0.5, నడుము వంచి 20 కిలోలు ఎత్తితే 2.3! పొరలు బలహీనపడ్డ చోట ఆ ఒత్తిడికి డిస్క్ ఉబ్బుతుంది, ఒక్కోసారి చిట్లి గుజ్జు బయటికి వస్తుంది. నరాన్ని నొక్కితే కాలు గుంజుతుంది. అందుకే ‘ఉబ్బింది’, ‘చిట్లింది’ అనడమే సరైనది. ‘జారింది’ అని విన్న మనిషి, కదిలితే ఇంకా జారుతుందేమోనని టెన్షన్‌తో మంచం దిగడు. ఆ మాట మానమని నేను గట్టిగా చెప్పేది అందుకే.

‘పూస జారింది’ అన్నది వేరే జబ్బు. ఒక వెన్నుపూస కిందిదాని మీద నుంచి, ఎక్కువగా ముందుకు, జరగడం. అక్కడ ఆ క్రియ సరిగ్గా సరిపోతుంది. డిస్క్ బాధకు మాత్రం వాడకూడదు.

ఇక అరగడం. రాపిడి ఉంటేనే అరుగుదల. గంధపుచెక్క అరుగుతుంది, చెప్పు అరుగుతుంది. మోకాలి విషయంలో మనవాళ్లు గుజ్జు అనేది ఎముకల చివర నున్నగా, గట్టిగా ఉండే మృదులాస్థిని. అది నిజంగానే అరుగుతుంది. పూసల వెనకవైపు ఉండే చిన్న కీళ్లలోనూ అలాంటిదే ఉంది, దానికీ ‘అరిగింది’ అనవచ్చు. డిస్క్ లోపలి గుజ్జు మాత్రం ఎండుతుంది. పగలంతా బరువు మోస్తూ కొంత నీరు వదులుతుంది, రాత్రి పడుకుంటే మళ్లీ పీల్చుకుంటుంది. మనం సాయంత్రానికి ఇంచుమించు 1 శాతం ఎత్తు తగ్గేది ముఖ్యంగా ఇందువల్లే. వయసు మీదపడితే నీరు పట్టే గుణమే తగ్గుతుంది, డిస్క్ పలచబడుతుంది.

రిపోర్టులో ‘డిస్క్ బల్జ్’ అని ఉండి, నరం మీద ఒత్తిడి కూడా ఉంటే ‘మీ డిస్క్ ఉబ్బి నరాన్ని నొక్కుతోంది’ అని చెప్పండి. నొప్పి నడుములో పుట్టి కాలిలోకి ఎందుకు పాకుతోందో వాళ్లకు ఆ ఒక్క వాక్యంతో అర్థమవుతుంది.